బందీల చిత్రం ముందు కొబ్బరికాయ

శనివారం పొద్దున ఆరింటికి నన్ను నిద్ర లేపితే ఎవరి మీదైనా విరుచుకుపడతాను, మరియమ్మ ఆంటీ మీద తప్ప. ఐరిష్ రాజధాని శివారు బోమాంట్‌లో ఆమె ఇంట్లోనే ఒక గదిలో అద్దెకుంటున్నాను. ఆమె కోవిడ్ వార్డులో నర్సు. భర్త జోసఫ్ అంకుల్ సరుకుల ఓడలో ఇంజినీరు. తొమ్మిది నెలలకని ఓడ ఎక్కారు. కోవిడ్ భయంతో ఏ రేవులోనూ దిగనివ్వక, పద్నాలుగు నెలలైనా ఇంకా నీళ్ళ మీదే ఉన్నారు.

లిమరిక్ అవతల ఒక పల్లె చర్చిలో బందీల విడుదల చిత్రం ఉందని ఆంటీకి ఒక పేషెంటు చెప్పిందట.

"అక్కడ మొక్కుకోవాలమ్మాయ్. తోడు రా."

సిటీ దాకా బస్సు, అక్కణ్ణుంచి లువాస్ ట్రామ్, హ్యూస్టన్ స్టేషన్‌లో తొమ్మిదింటి రైలు. సీట్లు తగ్గించారు కాబట్టి టికెట్టు ముందే బుక్ చేసుకోండి. రైల్లో మాస్కులు దించి పులిహోర తిన్నాం. ఆంటీ సంచి మాత్రం రాయంత బరువు. దారంతా నేనే మోశాను.

లిమరిక్‌లో బస్సెక్కి అరగంట వెళ్ళాం. ఒంటిగంటకి చర్చి గుమ్మంలో కాపలా తాత మా చేతుల్లో శానిటైజర్ పోశాడు.

చిత్రం పంతొమ్మిదో శతాబ్దపుది, గోడంత ఉంది. ఉత్తర ఆఫ్రికా రేవులో బానిసలైన క్రైస్తవులను తెల్లంగీల సన్యాసులు సొమ్ము కట్టి విడిపిస్తున్నారు. ఒకడి కాలి గొలుసు విప్పుతున్నారు. వాడి వెనక గొలుసుతోనే నిలబడ్డ బట్టతలాయన దగ్గర ఆంటీ ఆగిపోయారు.

"ఈయన్నీ విడిపిస్తారా?" అని తాతని ఇంగ్లీషులో అడిగారు.

తాత కళ్ళజోడు సవరించుకుని శ్రద్ధగా చూశాడు. "తప్పకుండా. తర్వాత వంతు ఇతనిదే."

కొవ్వొత్తులు వెలిగించే చోట కోవిడ్ టేపు అడ్డం కట్టి ఉంది. ఆంటీ ముఖం చిన్నబోయింది. బయటికొచ్చి సంచిలోంచి కొబ్బరికాయ తీశారు! గుణదల కొండ మీద మేరీమాతకి కొట్టే అలవాటు మరి. నేను వద్దనేలోపే మెట్టు మీద ఠప్పున కొట్టారు. తాత పరుగెత్తుకొచ్చాడు. ఇక గార్డ్స్‌ని, అదే ఇక్కడి పోలీసుల్ని, పిలుస్తాడనే అనుకున్నాను. సంగతి విని, ఆంటీ ఇచ్చిన చిప్ప అందుకుని "గ్రాండ్" అన్నాడు, ఇక్కడివాళ్ళ భాషలో 'భేష్' అని. "రెండోది మీ ఆయనకు ఉంచండి."

ఐదింటి తిరుగు రైల్లో ఆంటీ చిత్రం ఫోటోతో పాటు తాత మాట కూడా అంకుల్‌కి పంపారు. పోర్ట్‌లీష్ స్టేషన్ దాటాక జవాబొచ్చింది: "కంపెనీవాళ్ళు ప్రతి రేవులోనూ ఇదే మాట చెప్తున్నారు మరియా. కానీ ఈ ముసలాయన్ని నమ్ముతాను. నా చిప్ప జాగ్రత్త."

ఆంటీ నవ్వుతూనే ఏడ్చారు. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు?

మీరు వెళితే ఆ బట్టతలాయన్ని కాసేపు ఎక్కువ చూడండి. మా ఫ్రీజర్‌లో ఇప్పుడు అంకుల్ చిప్ప ఉంది, చేపలకు చోటు లేదు. దాన్ని ఎవరైనా తీస్తానంటే ఆంటీ కాదు, నేనే ఊరుకోను.