పియాజీ అంటే ఉల్లిపొరే

మోసం చెయ్యడంలో నా అంత పొదుపరి దిల్‌సుఖ్‌నగర్ మొత్తంలో ఇంకొకరు ఉండరు. ఒక రంగునే బజారులో లేకుండా చేశాను. దానికోసం ఒక్క లైను కోడ్ రాయలేదు. ఒక్క తీగ తెంపలేదు. రాయవలసిన ఒక్క లైను రాయకుండా ఊరుకున్నాను, అంతే. పెట్టుబడి లేదు, చాకిరీ లేదు. ఇంతకంటే చవకగా తప్పు చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, వచ్చి దండం పెడతాను.

ఇట్లా గొప్పగా చెప్పుకుంటే బరువు తగ్గుతుందేమోనని చూస్తున్నాను. తగ్గడం లేదు. ఐదేళ్లుగా మోస్తున్నాను దీన్ని. నవ్వుతూ, బేరాలాడుతూ, మెట్రో ఎక్కుతూ దిగుతూ మోశాను కాబట్టి ఎవరికీ కనబడలేదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

మాది పోచంపల్లి మగ్గాల ఇల్లు. తాత నేసేవాడు, బాపు అమ్ముతాడు. చీరల గల్లీలో బాపుది మ్యాచింగ్ సెంటర్. చీర కొన్న ఆడవాళ్లు దాన్ని చంకలో పెట్టుకొని మా దగ్గరికి వస్తారు, ఆ రంగుకు తగిన జాకెట్ గుడ్డ, లైనింగు, ఫాల్ మేమిస్తాం. తానుల మధ్యే పెరిగాను. బేరం మాత్రం గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో నేర్చుకున్నాను. మార్కెట్ అక్కడున్న రోజుల్లో బాపు నన్ను భుజమ్మీద వేసుకొని పోయేవాడట, బత్తాయిల రేటు వినగానే నేను ఏడుపు అందుకునేదాన్నట, ఆ ఏడుపు భరించలేక తగ్గించేవారట. తర్వాత ఇంజనీరింగు చదివి, ఎల్‌బీ నగర్‌లో లిఫ్టులకు ప్రోగ్రాములు రాసే చిన్న ఆఫీసులో చేరాను. సి అనే కంప్యూటర్ భాషలో పని. లిఫ్టుతో బేరం కుదరదు. అదొక్కటే నాకు అందులో నచ్చనిది.

గల్లీలో ఒక పరేషాన్ ఉండేది. చీర కొన్నామె పది మ్యాచింగ్ సెంటర్లు ఎక్కి దిగేది. గీ రంగు ఉందా? లేదమ్మా. గీ రంగు? లేదు. ఎండకు మాడి, చెప్పు తెగి, చివరికి ఏదో ఒక దగ్గరి రంగుతో సర్దుకొని పోయేది. నాకు తెలిసిన విద్యతో దీన్ని నయం చేద్దామనుకున్నాను.

చీరల షాపులో ఒక చిన్న పెట్టె పెట్టాను. దాని తెర మీద రంగుల పేర్లు. చీర అమ్మగానే సేల్స్‌మన్ దాని రంగు పేరు నొక్కుతాడు. మ్యాచింగ్ సెంటర్లో ఇంకో పెట్టె, దానికి ఒక గంట. తమ దగ్గరున్న రంగుల పేర్లను వాళ్లు ముందే, పత్రికకు చందా కట్టినట్టు, రాయించుకుంటారు. తాము రాయించుకున్న పేరు వస్తేనే గంట మోగుతుంది. ఉంటే ‘ఉంది’ అని నొక్కుతారు, కొన్నామెను నేరుగా అక్కడికి పంపిస్తారు. ఈ రెంటికీ మధ్య, మా షాపు మేడమీది పాత కంప్యూటర్లో, నేను రాసిన అసలు ప్రోగ్రాము. ఒకరు చాటిన పేరు అందుకుని, ఆ పేరు రాయించుకున్న వాళ్లందరికీ చేరవేస్తుంది. చాటినవాడికి ఎవరు విన్నారో తెలియదు. వినేవాడికి తనకు అందనిదేమిటో తెలియదు. ఈ రెండో మాట కొంచెం గుర్తుంచుకోండి. నా తప్పంతా అందులోనే దాక్కుంది.

మధ్యలో ఉండే ఆ ప్రోగ్రామును మా పనిలో బ్రోకర్ అంటారు. బాపు ఆ మాట వినగానే కుర్చీలో ముందుకు జరిగాడు.

“కమీషన్ ఎంత తీస్తది?”

“ఏం తీయదు బాపూ.”

“గట్లయితే అది బ్రోకర్ ఎట్లయితది బిడ్డా?”

మొదటి రోజు గల్లీలో గంటలు మోగుతుంటే నాకు కాళ్లు నేలమీద ఆగలేదు. ఎరుపు అని అక్కడ నొక్కితే ఇక్కడ నాలుగు షాపుల్లో ఒకేసారి టింగుమనేది. ఆఫీసుకు సెలవు పెట్టి మరీ ఆ చివరినుంచి ఈ చివరికి ఊరికే తిరిగాను. నేను రాసిన అక్షరాలు గల్లీ గల్లీ తిరిగి గంటలు కొడుతున్నాయి! ఆ సంతోషం నిజమైనది. దాన్ని మాత్రం వెనక్కి ఇవ్వను.

మా షాపుకు ఎదురుగా తెనాలి ఆంటీ షాపు. అసలు పేరు గల్లీలో ఎవరికీ పట్టలేదు. కోస్తానుంచి వచ్చి అప్పటికి రెండేళ్లే. ఇల్లు వనస్థలిపురం. అందరూ మిల్లు తానులు అమ్ముతుంటే ఆమె మాత్రం ఒక రంగును సొంతంగా, ఇంటి డాబా మీద రాగి గంగాళంలో గుడ్డ ముంచి తీసేది. ఉల్లిపొర రంగు. ఉల్లిపాయ పైపొట్టు తీసేశాక లోపలి పొర మీద తిరిగే లేత గులాబీ. మిల్లు వాడికి రాదు అది. మా షాపులోనూ ఆ రంగు మిల్లు తాను ఉండేది, కానీ మాది బడికి వెళ్లి నేర్చుకున్న గులాబీలా బిగుసుకుని ఉంటుంది. ఆమెది ఎండలో ఒక తీరు, లైటు కింద ఒక తీరు.

పెట్టె బిగించిన రోజు ఆమె రంగులు చెబుతుంటే నేను కొట్టాను. ఎరుపు, పసుపు, ఉల్లిపొర. చెప్పింది చెప్పినట్టు కొట్టాను. చీరల షాపుల పెట్టెల్లోకి మాత్రం నేను మా ఇంట్లో అనే పేర్లు ముందే ఎక్కించి ఉన్నాను. మా ఇంట్లో ఆ రంగును పియాజీ అంటాం. పియాజ్ అంటే ఉల్లి. ఒకటే రంగు, రెండు నోళ్లు. సి భాషకు రంగులు తెలియవు, ఉల్లిపాయలూ తెలియవు. రెండు పేర్లను పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూస్తుంది. మొదటి అక్షరమే కలవలేదు. ఇక రెండోదాని జోలికే పోదు.

పెళ్లిళ్ల రోజులు. పియాజీ చీరలు తెగ పోతున్నాయి. పియాజీ, పియాజీ అని గల్లీ అంతా చాటుతోంది. మా గంట మోగుతోంది. ఎదురుగా, ఆ రంగుకే పుట్టినట్టున్న మనిషి షాపులో గంట నోరు విప్పడం లేదు. తప్పు జరిగిందని ఏ పెట్టే చెప్పదు. ఎవరో ఒకరికి చేరింది కదా, బ్రోకర్ పని అయిపోయింది.

రెండు నెలలకు ఆంటీ రోడ్డు దాటి వచ్చింది. ఆదివారం, నేను షాపులోనే ఉన్నాను.

“ఏమ్మాయ్, మీ గంట ఎరుపుకి మోగుద్ది, పసుపుకి మోగుద్ది. నా ఉల్లిపొర దగ్గరికొచ్చేసరికి మూగనోము పట్టుద్దేంటి? దానికీ నాకూ ఏవన్నా పాత గొడవలున్నాయా?”

నవ్వుతూ ల్యాప్‌టాప్ తెరిచాను. పది సెకన్లు పట్టలేదు. ఒక వరుసలో ఉల్లిపొర, ఇంకో వరుసలో పియాజీ. నా పొరపాటు నాకు ఎదురుగా కూర్చుని ఉంది. ఈ రెండూ ఒకటే అని ఒక్క లైను రాస్తే అయిపోయేది.

“గంటకేం కాలేదు ఆంటీ. గా రంగే ఇప్పుడు నడుస్తలేదు.”

సరిగ్గా అప్పుడే మా గంట మోగింది. తెర మీద పేరు పడింది. ఆంటీ ఒంగి చదివింది.

“పియాజీ. అదేం రంగమ్మాయ్?”

“అదా... అదొక కొత్త రంగు ఆంటీ.”

“అట్టాగా. నేనింకా నా చేతి పనితనం తగ్గిందేమో అనుకుంటన్నా. పోన్లే. మనిషైతే మొహమాటానికి బాగుందని చెప్పుద్ది, మిషన్‌కి మొహమాటం ఉండదుగా.”

చీర చెంగు దులుపుకొని వెళ్లిపోయింది.

ఎందుకన్నాను ఆ మాట? బాపు గల్లాపెట్టె కోసమా? అదీ ఉంది, లేదనను. కానీ అసలు కారణం ఇంకా చిన్నది. నా ప్రోగ్రాములో తప్పుందని గల్లీకి తెలుస్తుందని. ఇంటిపేరు మోసే మొగపిల్లవాడు లేడని బాపును ఎప్పుడూ దెప్పేవాళ్ల ముందు నేను ఆ గంటలతో తలెత్తుకున్నాను, రెండు నెలలకే ‘ఆడపిల్ల చేసింది కదా, గట్లనే ఉంటది’ అనిపించుకోవడం ఇష్టం లేక, అవతలి మనిషి చేతి పనిని తీసుకెళ్లి నా పొరపాటు కింద మెత్తగా పరిచాను. రేపు రాస్తాలే ఆ లైను అనుకున్నాను. ఆ రేపుతో కూడా బేరమాడాను. పండగ కానీ. ముహూర్తాలు కానీ. మూఢం వెళ్లనీ.

ఏడాది దగ్గరికొచ్చింది. శ్రావణమాసం. ఆంటీ పేరంటానికి పిలిచింది. వనస్థలిపురం వెళ్లాను. పసుపు రాసింది, బొట్టు పెట్టింది, డాబా మీదికి తీసుకుపోయి కరివేపాకు మొక్క చూపించింది. ఏపుగా ఉంది. రాగి గంగాళంలో ఉంది.

“చూశావా, రంగుకన్నా ఆకే బాగా దిగింది దాంట్లో!” అని గలగలా నవ్వింది. తర్వాత తాంబూలంలో పెట్టి ఒక రవికె గుడ్డ ఇచ్చింది. ఉల్లిపొర. “ఆఖరి ముక్కమ్మా. నీకే ఉంచా. నువ్వు చెప్పకపోతే ఇంకా పిచ్చిదాన్లా గుడ్డలు ముంచుతానే ఉండేదాన్ని.”

పేరంటంలో ఇచ్చిన రవికె గుడ్డను వద్దనకూడదు. కొంగు పట్టి తీసుకున్నాను. అంత మెత్తని గుడ్డ అంత బరువుంటుందని నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఆ లైను రాశాను. పియాజీ అంటే ఉల్లిపొరే. పదకొండు కొట్టకముందే ఎదురు షాపులో గంట మోగింది, ఆమె తెర మీద ఉల్లిపొర అని పడింది. మళ్లీ మోగింది. ఆంటీ బయటికి పరుగెత్తుకొచ్చి గల్లీ మధ్యలో నిలబడి, “ఉల్లిపొరంట! ఉల్లిపొర అడుగుతున్నారు! నా దగ్గర జానెడు గుడ్డ లేదు, ఏం చెయ్యనే అమ్మాయ్!” అని అరిచింది. చీరల షాపుల వాళ్లంతా బయటికొచ్చి చూశారు. ఆ సాయంత్రమే కరివేపాకును పెరుగు బకెట్లోకి మార్చి గంగాళం తోమించిందట. వారానికి డబ్బా నిండా సున్నుండలు పట్టుకొచ్చింది, జమానా మళ్లీ తిరిగొచ్చినందుకు. ‘జమానా’ అనే అంది, మా గల్లీ మాటతోనే. తిన్నాను. ఒకటి తింటే అనుమానం వస్తుందని రెండోది కూడా తిన్నాను. చాలా బాగున్నాయి. అదే ఘోరం.

ఆ గంట మోగినప్పుడల్లా నాకు పండగే. నిజం. కానీ ఆ పండగకు నేను పిలవని పేరంటాలిని.

నాలుగేళ్లు అట్లాగే గడిపాను. మొన్న ఆదివారం, తన షాపుకొచ్చిన కొత్తవాళ్లకు నన్ను చూపించి ఆంటీ అంది: “నా రంగు పోయిందని చెప్పిందీ ఈ పిల్లే, వచ్చిందని గంట కొట్టిందీ ఈ పిల్లే. అబద్ధం చెప్పదు.” వాళ్లు వెళ్లిపోయారు. నాకు ఇంకో బేరం మిగల్లేదు. చెప్పేశాను. పియాజీ అంటే ఏమిటో, నాకు అది ఎప్పుడు తెలుసో, ఆ రోజు ఏమన్నానో, అంతా. ఆమె చేతిలో కత్తెర ఉంది. పట్టుకున్న గుడ్డను చివరిదాకా తిన్నగా కోసింది. మడత పెట్టింది. అప్పుడు అడిగింది.

“ఎన్నిసార్లు?”

“ఏంది ఆంటీ?”

“నా గంట ఎన్నిసార్లు మోగాల్సింది? లెక్క ఉంటదిగా మీ మిషన్‌లో.”

ఉంటుంది. వచ్చిన ప్రతి పిలుపునూ బ్రోకర్ ఒక ఫైల్లో రాసుకుంటుంది. ఇంటికొచ్చి తెరిచాను. ఆ లెక్క వెయ్యడానికి కూర్చుంటే నా చెయ్యి ఊరుకుంటుందా? ఆదివారం మధ్యాహ్నాలు ఆమె షాపు మూస్తుంది, అవి తీసెయ్. భోజనాలకు వెళ్లిన వేళలు తీసెయ్. సంక్రాంతికి ఊరెళ్లిన రోజులు తీసెయ్. ఆమె రంగు వెయ్యడం మానేశాక ఎలాగూ గుడ్డ లేదు కదా, అవన్నీ తీసెయ్. రెండు వందల ఏడుకు దింపాను. దింపి, మెచ్చుకుంటూ చూసుకున్నాను. తర్వాత ఆ చివరి తీసివేత దగ్గర చూపు ఆగిపోయింది. ఆమె మానేసింది ఎవరి మాట విని?

కాగితం చించేశాను. మళ్లీ మొదటినుంచి వేశాను. ఆమె వచ్చి అడగకముందు మోగనివి ఒక వైపు, అడిగాక మోగనివి ఇంకో వైపు. ఏదీ తియ్యలేదు. పుట్టాక మొదటిసారి తగ్గింపు అడగకుండా ఒక అంకె రాశాను, రాసేసరికి ఎంత హాయిగా ఉందంటే, చిట్టీ పట్టుకొని గల్లీ దాటుతుంటే ఈల వెయ్యాలనిపించింది. ఆంటీ కళ్లజోడు పెట్టుకొని చదివింది. చిట్టీని మడిచి గల్లాపెట్టెలో వేసింది. కొనేవాళ్లు వచ్చారు, పక్కకు జరిగాను.

చిట్టీలో ఉన్నది మీకూ చెబుతున్నాను. మొత్తం వెయ్యీ డెబ్బై ఏడు. అందులో పొరపాటు నూట అరవై నాలుగు. మిగిలిన తొమ్మిది వందల పదమూడు నేను చేసినవి.