వేడెక్కితే లెయ్యని రంపం, గోస్పాడు సంబంధం

మా అమ్మ మొన్నటి నుంచి నాతో మాట్లాడడం లేదు. మా నాయన మాట్లాడతాండాడు గానీ, ఆయన కూడా మాట్లాడకుంటేనే మేలు. పెండ్లి సంబంధం ఖాయమైన ఇల్లు ఇట్ల ఉంటుందని నేను యాడా వినలేదు. ఖాయం చేసింది పెద్దమనుషులనుకుంటాండారేమో. మా వసారాలో మూలన పడి ఉండే పాత పెట్రోల్ రంపం చేసింది ఆ పని.

మాది ఆళ్లగడ్డ. ఆ రంపం మా నాయన ఎప్పుడో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చింది. చెట్లు కోసేది. చల్లగా ఉన్నప్పుడు తాడు ఒక్కసారి లాగితే చాలు, పులి మాదిరి లేస్తాది. కాసేపు పని చేయించి ఆపినారా, ఇంగ అంతే. ఒళ్లు చల్లారేదాకా ఎవురు లాగినా పలకదు. అలిగిన అల్లుడన్నా బతిమాలితే లేస్తాడు, ఇది లెయ్యదు.

పిల్ల పేరు శిరీష. గోస్పాడు దగ్గర పల్లె. వాళ్ల నాయనకు ఒక్కతే బిడ్డ. చూసేదానికి పోయినప్పుడు నా చేతికి కాఫీ ఇచ్చి, "గ్లాసు కాలుతాది, చూసుకోండి" అనింది. అంత మంచి మాట నాతో అంతవరకు ఎవురూ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడవునా వరి మళ్లన్నీ నా కోసమే పచ్చగా ఉండాయనిపించింది. వాళ్ల నాయన మాత్రం "ఆలోచించుకొని చెప్తాం" అన్యాడు. వరి పండి కోతకొచ్చింది గానీ ఆయన ఆలోచన మాత్రం పండలేదు.

ఇంతలో గాలివానకు వాళ్ల చేనికి పోయే బండిదారిలో పెద్ద తుమ్మచెట్టు అడ్డం పడిందని తెలిసింది. ఎల్లుండి పొద్దున్నే వరి కోసే బండి రావాల. దారి లేకుంటే అది ఇంకొకరి చేనికి పోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవురికీ తెలీదు. వాళ్లకు కష్టమొచ్చింది, నాకేమో వరమొచ్చినట్లయింది. వెంటనే ఫోన్ చేసినా.

"మామా, రంపం మా ఇంట్లోనే ఉండాది. రేపు నేనొచ్చి కోసిస్తా."

మామా అని పిలిచేంత చనువు ఎవురిచ్చినారో నన్నడగొద్దు. నోటికి అదే వచ్చింది.

మా నాయన పక్కనే ఉండాడు. "దాని సంగతి తెలిసి కూడా మాటిచ్చినావా?"

"బాగు చేస్తా నాయనా."

"నువ్వు?"

ఒక్క మాటే. నా ఇంటర్ మార్కులు చూసినప్పుడు కూడా ఆయన మొకంలో అంత అనుమానం లేదు.

ఫోన్లో ఒక వీడియో పెట్టుకున్యా. దాంట్లో చెప్పే మనిషి గొంతు ఎంత మెత్తగా ఉండాదంటే, ఆయన పక్కన కూర్చొని రెండు మాటలు చెప్తే ట్రాక్టర్ కూడా తనంతట తాను బాగైపోతాదనిపించింది. ఆయన చెప్పినట్ల ప్లగ్ మార్చినా. కార్బురేటర్ కడిగినా. ఎయిర్ ఫిల్టర్ దులిపితే మా అమ్మ ఆరేసిన చీర నల్లబడింది. తాడు లాగితే ఒక్క లాగుడుకే లేచింది. నా అంత మెకానిక్ ఈ జిల్లాలో లేడనుకొని, ఆపి, మళ్లీ లాగినా. లెయ్యలేదు. మా నాయన చీర చూపించి లోపలికి పోయినాడు.

పొద్దున్నే రంపాన్ని బైకు వెనక కట్టుకొని నంద్యాలకు పోయినా. పంపుసెట్లు, స్ప్రేయర్లు బాగు చేసే మెకానిక్ ఒకాయన దాన్ని లేపి, వేడెక్కించి, ఆపి, ప్లగ్ ఊడదీసి చూసినాడు.

"చల్లగున్నప్పుడు నిప్పు వస్తాండాది. వేడెక్కితే రావడం లేదు. కాయిల్ పోయిందప్పా."

"అంటే వేడి ఎక్కువైతే మూగబోతాది. మనసు మాదిరి."

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసినాడు. "మనసు కాదప్పా, కాయిల్. ఆర్డర్ పెడితే వారానికి వస్తాది."

"ఈ పొద్దే చెట్టు కోయాలన్నా."

"అయితే ఒకటే మందు. ఒకసారి లేపినాక పని అయ్యేదాకా ఆపొద్దు. చెయ్యి నొప్పి పుడితే స్లోలో పెట్టుకో. ఆపితే మాత్రం నీ ఖర్మ."

ఇంతేనా అనుకున్యా. ఆపకుండా ఉండేదానికి చదువు కావాల్నా, డిగ్రీ కావాల్నా.

చేని దగ్గరికి పోయేటప్పటికి మామ తలకు టవల్ చుట్టుకొని నిలబడుకోని ఉండాడు. శిరీష దూరంగా గట్టు మీద ఉండాది. వాళ్ల జేజి, అంటే మామకు తల్లి, ఎండలోనే కూర్చోని ఉండాది. తాడు లాగినా. ఒక్క లాగుడుకే లేచింది. గట్టు దిక్కు చూసినా, శిరీష కూడా చూసింది. పొట్టు ఎగిరి నా మీద పడతాంటే పూలవాన మాదిరి అనిపించింది. కంట్లో పడినాక మాత్రం పొట్టు మాదిరే ఉండాది.

అప్పుడు మామ దగ్గరికొచ్చి ఏందో అడిగినాడు. పెదాలు కదులుతాండాయి, మాట వినపడడం లేదు. ఇప్పుడు మీరే చెప్పండి. కాబోయే మామ, పెద్దమనిషి, ఎదురుగా నిలబడి మాట్లాడతాంటే ఆయన మొకం మీద ఇంజన్ మోగిస్తానా? పెద్దోళ్లు మాట్లాడేటప్పుడు మా ఇంట్లో టీవీ కూడా ఆపాల. ఆపేసినా.

"ఏమప్పా, నాష్టా చేసినావా?"

"చేసినా మామా."

"ఊ. సరే, కానీ."

కానీ అంటే ఎట్ల కానిస్తా. తాడు లాగినా, మళ్లీ లాగినా, భుజం ఊడేదాకా లాగినా.

"ఏమైంది?"

"ఏం లేదు మామా. దానికి కొంచెం రెస్టు ఇయ్యాల."

"నీకు చెమట పట్టకముందే దానికి రెస్టా?" అని ఆయన చెట్టు మీదనే కూర్చున్యాడు.

అది చల్లారింది. లేచింది. జానెడు లోతు తెగిందో లేదో, జేజి మజ్జిగ చెంబుతో వచ్చింది. ఆపేసినా.

"ఎవురి కొడుకువప్పా నువ్వు?"

"చూపులకు వచ్చిన పిల్లోన్ని జేజీ, ఆళ్లగడ్డ."

"ఓ, కాఫీ చొక్కా మీద పోసుకున్యోనివా. తాగు, తాగు."

నేను తాగినా. రంపం లెయ్యలేదు. జేజి దాన్ని ముట్టుకొని, "అయ్యో, ఒళ్లు కాలిపోతాండాది" అని, తడిగుడ్డ తెచ్చి జొరమొచ్చిన పిల్లోనికి వేసినట్ల దాని మీద వేసి, కొంగుతో విసరడం మొదలుపెట్టింది. ఎర్ర నీళ్లతో దిష్టి కూడా తీస్తా అనింది. నేనే వద్దన్యా.

తర్వాత మామ మళ్లీ వచ్చినాడు, నీళ్లు కావాల్నా అని. ఆపినా. ఇంగోసారి వచ్చినాడు, ఎండగా ఉండాదే టవల్ చుట్టుకోరాదా అని. ఆపినా. ఇంటికొచ్చిన మనిషి ఒక్కడే పని చేస్తాంటే పలకరించకుండా ఉండడం ఆయనకు మర్యాద కాదు. ఆయన పలకరిస్తే ఆపకుండా ఉండడం నాకు మర్యాద కాదు. మా ఇద్దరి మర్యాదలతో పొద్దు వాలిపోయింది. తుమ్మచెట్టు ఒక్కటే ఏ మర్యాదా లేకుండా దారికి అడ్డంగా పడుకోని ఉండాది.

చివరికి శిరీష గట్టు దిగి వచ్చింది.

"నాయనా, నువ్వు పోయి ఆ గట్టు మీద కూర్చో. జేజీ, నువ్వు ఇంటికి పో. మీరు నోరు తెరిచినప్పుడల్లా ఆయప్ప రంపం ఆపుతాండాడు, మీకు తెలియడం లేదా?"

ఇద్దరూ చెప్పినట్లే పోయినారు. తర్వాత నా దిక్కు తిరిగింది.

"ఇంగ ఎవురు మాట్లాడినా ఆపొద్దు. నేను మాట్లాడినా సరే."

ఆమె చెప్పినాక తిరుగేముంది. చల్లారినాక లేపినా, కోత పెట్టినా. ఆమె కొంచెం ఎడంగా వచ్చి నిలబడుకునింది. కాసేపటికి మాట్లాడడం మొదలుపెట్టింది. చున్నీ గాలికి ఎగురుతాండాది, ఎండ బంగారం మాదిరి పడతాండాది. ఏం చెప్తాండాదో ఒక్క ముక్క వినపడలేదు. అంత అందంగా చెప్పే మాట చెడ్డదెట్ల అవుతాది. తల ఊపినా. ఆమె కళ్లు పెద్దవి చేసి మళ్లీ అడిగింది. నేను ఇంగా గట్టిగా ఊపినా. ఆమె తల వంచుకొని నవ్వింది. చెట్టు రెండు తునకలైంది. ట్రాక్టర్‌తో పక్కకు లాగేసినారు. నేను ఆళ్లగడ్డకు వచ్చినానో, మబ్బుల మీద పోయినానో నాకే తెలీదు.

తెల్లారి మామ మా నాయనకు ఫోన్ చేసినాడు, నాయన స్పీకర్లో పెట్టినాడు. కోత నడుస్తాండాదంట. సంబంధం ఖాయం చేసుకుందామంట.

"ఒక్కతే బిడ్డ కదప్పా, ఇల్లటం వస్తాడా అని ఎట్ల అడగాల్నో తెలీక ఇన్నాళ్లు నానబెట్టినాం. మా పిల్లే ధైర్యం చేసి అడిగింది. మీవోడు ఒకసారి కాదు, రెండుసార్లు సరే అన్యాడంట. బంగారట్లా పిల్లోడు."

ఇల్లటం అంటే తెలుసు కదా, పెండ్లయినాక అత్తగారింటికి పోయి, వాళ్ల కొడుకు మాదిరి వాళ్ల సేద్యం చూసుకోవడం. నేనేమో మా నాయనకు ఒక్కగానొక్క కొడుకును. బియ్యం చెరుగుతాండే మా అమ్మ చాట పక్కన పెట్టి లోపలికి పోయింది.

నాయన ఫోన్ పెట్టేసి నా దిక్కు తిరిగినాడు.

"ఆ పిల్ల అడిగినప్పుడు నీకేం వినపడిందిరా?"

"ఇంజన్, నాయనా."

"మరి తల ఎందుకు ఊపినావు?"

నేను మూలనుండే రంపం దిక్కు చూసినా.

"నాష్టా చేసినావా అంటే ఆపినావు. మజ్జిగ తాగమంటే ఆపినావు. ఆ ఒక్క మాటకు ఆపలేకపోయినావా?"

ఆపలేదు. ఆమె నవ్వుతాంటే ఇంగా కొంచెం రేస్ పెంచినా.