డాష్‌బోర్డుకు నాలుగు చుక్కలు

తొంభైల్లో మా బాపు సిద్దిపేటలో ఒక పాత కారు కొన్నాడు. నడపడం ఆయన కన్నా ముందు నేనే నేర్చుకున్నాను కాబట్టి దాని ముస్తాబు కూడా కూతురి పనే అనుకున్నాను. ఎండకు తెల్లబారిన డాష్‌బోర్డు మళ్లీ నల్లగా మెరవాలని హైదరాబాద్ నుంచి చిన్న పాలిష్ సీసా తెప్పించి, మూత తీసి నేరుగా దాని మీదే వంపేశాను. డాష్‌బోర్డు మెరవలేదు. పాలిష్ మాత్రం సీటు మీదికి కారింది. చూసుకోకుండా ఎక్కిన బాపు సర్రున ముందుకు జారి స్టీరింగ్‌ను కావలించుకున్నాడు. హారన్ మోగింది.

పెనం మీద దోశ వదిలేసి అవ్వ పరుగున వచ్చింది.

"గట్ల గుమ్మరిస్తరా బిడ్డా? పెనానికి నేను నూనె గిట్లనే పోస్తనా? బట్టకు నాలుగు సుక్కలు పెట్టి రుద్దాలె."

బట్ట మడిచి తనే రుద్దింది. నాలుగు చుక్కలకే డాష్‌బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా నిగనిగలాడింది. బట్టలో ఇంకా తడి ఉందని తలుపుల ప్లాస్టిక్ తుడిచింది. అప్పటికీ మిగిలిందని ఇంట్లోకి వెళ్లి రేడియో కూడా తుడిచింది.

"ఇగ ఆ రేడియోకు టైర్లు పెట్టుర్రి, ప్రజ్ఞాపూర్ దాకా పోయొస్త," అన్నాడు బాపు, లుంగీకి అంటిన పాలిష్ తుడుచుకుంటూ.