మోగేది మనిషే

ఎక్కడైనా తుపాకీ మోగుతుంది, మనిషి ఊరుకుంటాడు. ఢాంగారి దగ్గర తుపాకీ ఊరుకుంటుంది, మనిషి మోగుతాడు. ఆయన నోటి మోతకు ఒకసారి షూటింగ్ క్లబ్బు గోడగడియారం ఆగిపోయింది. మరుసటి ఆదివారం మోతకు మళ్లీ నడిచింది. మధ్యలో పోయిన టైమును కూడా దానంతటదే సర్దుకుంది. నమ్మనివాళ్లు వెళ్లి ఆ గడియారాన్నే అడగవచ్చు.

ఆయనది కళ్లజోళ్ల దుకాణం. వచ్చినవాళ్ల చేత బోర్డు మీది అక్షరాలు చదివించి, "కింది వరస కనబడటం లేదా? పర్లేదు, అక్కడ పనికొచ్చేదేమీ రాయలేదు" అని ఓదార్చే రకం. ముప్పై ఏళ్లపాటు, ఆదివారం వస్తే చాలు, క్లబ్బులో తూటాల రైఫిల్ కాల్చాడు. పక్కనే నిలబడి కాల్చేది ఆయన బామ్మర్ది, దర్జీ. ఇద్దరూ గురి చూసిందానికంటే ఒకర్నొకరు దెప్పుకున్నదే ఎక్కువ.

అలాంటి మనిషి ఉన్నట్టుండి ఆ రైఫిల్‌ని వదిలించుకుని ఎయిర్ రైఫిల్ పట్టాడు. పంపుతో గాలి నింపుకుని, చొక్కా గుండీలో సగం కూడా లేని సీసపు గుళ్లు పేల్చేది. ఎందుకు మార్చావని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కథ. క్లబ్బు సెక్రటరీకి తూటాలు దొరకడం లేదన్నాడు. భార్యతో తన భుజం నొప్పన్నాడు. దుకాణానికి వచ్చినవాళ్లతో తనకు చెవుడు వస్తోందని చెప్పి, వాళ్లు జాలిగా ఏదో అనబోతే "ఆఁ? ఏమన్నారు?" అని మూడుసార్లు అడిగి మరీ అనిపించుకున్నాడు.

దర్జీకి ఇదంతా వినే ఓపిక లేదు. అప్పటికి రెండు నెలల కిందటే అతని గుండెకు యంత్రం పెట్టారు. ఎడమ రొమ్ము పైన, చర్మం కింద, అగ్గిపెట్టెలో సగమంత. అతనిది ఎడమచేతి వాటం. రైఫిల్ మడమ ఆనేదీ సరిగ్గా అక్కడే.

"తుపాకీ సంగతి మరిచిపోండి. అది వెనక్కి తన్నిందంటే లోపలి తీగ కదులుతుంది" అన్నాడు డాక్టరు.

"కుడి భుజానికి ఆనించుకోవచ్చు గదా?" అంది అక్క.

"కుడిచేత్తో సూదిలో దారమే ఎక్కించలేను, అక్కా."

మొదట రైఫిల్‌కి భయపడ్డాడు. తరవాత ఇస్త్రీపెట్టె ఎత్తడానికి, ఆ తరవాత కత్తెర పట్టడానికి, చివరికి గట్టిగా తుమ్మడానికి కూడా. దుకాణం షట్టరు సగం దించే ఉండేది. లోపల తీగ మీద కోట్లు ఒక చెయ్యి కుట్టి ఒక చెయ్యి కుట్టకుండా, కుట్టేవాడి కోసం చూస్తున్నట్టు వేలాడుతుండేవి. అతను టేపు మెళ్లో వేసుకుని, ఎవర్నీ కొలవకుండా, ఎడమ రొమ్ము మీద అరచెయ్యి ఆనించుకుని దెబ్బలు లెక్కపెట్టుకుంటూ కూచునేవాడు. ఎవరైనా వచ్చి కోటు ఎప్పటికవుతుందంటే, "వచ్చే నెల రండి. నేనుంటే ఇస్తాను" అనేవాడు. ఆ మాట విన్నవాళ్లు కోటు మాట మరిచి మెల్లిగా జారుకునేవాళ్లు.

ఒక ముసురు పట్టిన ఆదివారం, సగం దించిన షట్టరు కింద నుంచి బావ తల దూర్చాడు.

"లేవరా బామ్మర్దీ. నాకు చూపు మందగించింది. గుండు ఎక్కడ తగిలిందో చెప్పేవాడు కావాలి."

"కళ్లజోళ్లవాడివి నువ్వు. చూపు దర్జీని అడుగుతావేం?"

"డాక్టరుకు జ్వరమొస్తే ఇంకో డాక్టరు చూడడూ? పద."

పిల్లలు ఎయిర్ రైఫిల్ నేర్చుకునే పది మీటర్ల వరస క్లబ్బు వెనకాల, రేకుల షెడ్డులో ఉంది. వాన నీరు కారే గోడ, మినుకుమినుకుమనే ట్యూబులైటు. రైఫిళ్ల బాపతు మనుషులు గుమ్మంలో చేరి, కళ్లజోళ్ల ఆయన చేతిలో పిల్లల ఆటవస్తువును చూసి మూతులు బిగబట్టారు. ఆయన గురి చూసి కాల్చాడు. సీసా మూత తీసినట్టు 'టప్' మంది. ఒక్క క్షణం షెడ్డంతా బావురుమంది. అప్పుడు ఆయన నిండుగా నోరు తెరిచి, "ఢాం" అన్నాడు. అని, భుజం మీద తన్ను తగిలినట్టు రెండడుగులు వెనక్కి తూలి, స్టూలు మీద కూలబడ్డాడు.

దర్జీ నవ్వాడు. రెండు నెలల తరవాత అదే మొదటి నవ్వు. నవ్వి, తీగ ఊడిందేమోనని రొమ్ము పట్టుకున్నాడు. ఊడలేదు.

ఆ పేరు అలా స్థిరపడింది. నాలుగో ఆదివారం ఢాంగారు, "ఒక్క నిమిషం పట్టుకో, జోడు తుడుచుకుంటాను" అని తుపాకీని బామ్మర్ది చేతిలో పెట్టి అరగంట తుడిచాడు. ఆ తుడుపుకు అద్దాలు అరిగి నంబరే మారిపోయింది. ఎంతసేపని పట్టుకుంటాడు? దర్జీ మెల్లిగా ఎడమ భుజానికి ఆనించి, కళ్లు మూసుకుని, కాల్చాడు. ఏమీ కాలేదు.

"ఇది తన్నదేం, బావా?"

"మీ అక్కలాంటిది కాదురా. మంచి ఇంట పుట్టింది."

ఆ తరవాత దర్జీ కళ్లు తెరిచే కాల్చాడు. షట్టరు పూర్తిగా లేచింది. ఒక్కొక్క కోటుకూ రెండో చెయ్యి వచ్చింది. ఒంట్లో ప్రాణం వచ్చాక మనిషికి పరువు గుర్తుకొస్తుంది గదా, నేరుగా వెళ్లి అక్కతో మొర పెట్టుకున్నాడు.

"బావ అరుపు మాన్పించక్కా. క్లబ్బంతా నవ్వుతోంది."

"నవ్వేది ఆయన్ని చూసి గదా. పక్కన చేతులు వణుకుతూ కాల్చేవాణ్ని ఎవరైనా చూస్తున్నారా?" అంది అక్క, చూపు చేతిలోని పని మీంచి తిప్పకుండా.

దర్జీకి ఆ మాట అప్పుడు ఎక్కలేదు. ఒక ఆదివారం చెప్పకుండా గంట ముందే క్లబ్బుకు వెళ్లాడు. షెడ్డులో బావ ఒక్కడే ఉన్నాడు. కాల్చాడు. టప్. మళ్లీ కాల్చాడు. టప్. ఐదు గుళ్లు. ఒక్క ఢాం లేదు, ఒక్క తూలుడు లేదు. మొహం మాత్రం ఇంట్లో ఎవరో పోయినట్టుంది.

గుమ్మం దగ్గర క్లబ్బు సెక్రటరీ ఒక పాత రైఫిల్‌ని నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. దాని మడమ మీది గీతల్ని దర్జీ చీకట్లోనైనా పోల్చగలడు. ముప్పై ఏళ్లు బావ భుజాన ఆనింది అదే.

"మీరు రాకముందు ప్రతి ఆదివారం ఇంతే, నోరు విప్పరు" అన్నాడు సెక్రటరీ గొంతు తగ్గించి. "భుజానికేం లేదు, చెవులూ బాగానే ఉన్నాయి. మీ భుజానికి ఏ తుపాకీ పనికొస్తుందో డాక్టరుగారి చేత కాగితం మీద రాయించుకుని మరీ వచ్చారు. మిమ్మల్నొక్కరినే పిల్లల వరసలో నిలబెడితే రారని, ముందు తనే ఇటు మారారు."

దర్జీ చెప్పుల చప్పుడు వినబడిందో ఏమో, లోపల ఆరో గుండుకు "ఢాం" అని షెడ్డు అదిరింది. మనిషి రెండడుగులు వెనక్కి తూలాడు.

దర్జీ ఈసారి నవ్వలేదు. వెళ్లి పక్క స్టూలు మీద కూచున్నాడు.

"నా కోసం ముప్పై ఏళ్ల తుపాకీ అమ్ముకున్నావు గదా, బావా."

ఢాంగారు తూలుడు ఆపి, డబ్బీలోంచి ఇంకో గుండు తీసి, తుడిచి, పెట్టాడు.

"అమ్ముకోలేదు, మార్చుకున్నాను. పంపు ఊరికే ఇచ్చారు."