కర్టెన్ అంటే పది కర్రలు

మంచు మీద నడుములకు తాళ్లు కట్టుకుని నడిచి ఆర్మీ పోస్టుకు చేరాం. బంకర్‌లోకి దూరగానే కిరోసిన్ కంపు కొట్టింది. గోడలకు మసి, స్లీపింగ్ బ్యాగులకు మసి, ఉమ్మితే మసి. గౌలిపురలో బర్రెల కొట్టం పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, వాసనలకు జడిసే రకం కాదు. అయినా ముక్కుకు మఫ్లర్ చుట్టుకున్నాను.

పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్ ఒక్క ఆర్డరే ఇచ్చాడు. ఇంత ఎత్తున గాలి చాలక మెదడు వాస్తుంది. వాచినవాడికి ఆ సంగతి తెలియదు. పక్కవాడే కనిపెట్టాలి. వెంటనే కిందికి దించితే బతుకుతాడు, లేకుంటే లేదు.

ఆ కనిపెట్టే పని మా నర్సింగ్ అసిస్టెంట్‌ది. కరీంనగర్ మనిషి. పోస్టు మొత్తానికి తెలుగువాళ్లం మేమిద్దరమే. హమ్మయ్య, మాట్లాడుకోవడానికి మనిషి దొరికాడనుకున్నాను. మర్నాడు పొద్దున టీ మగ్గు చేతికిస్తూ, "అన్నా, డ్యూటీ అంటే ఏంది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "ఇంకా రావాల్సిన టీ. డ్యూ టీ" అని తనే చెప్పి తనే నవ్వాడు. చేతిలో మగ్గు ఊగి టీ గ్లౌజుల మీద ఒలికింది.

ఇక రోజూ అదే గోస. అవలాంచ్ అంటే ఆవు తినే లంచ్. అది మా పాలవాళ్ల మీద ఎత్తిపొడుపు. డబ్బా కూర తెరిచినప్పుడల్లా, చీటింగ్ అంటే ఛీ ఛీ అనుకుంటూ చేసే ఈటింగ్. కర్టెన్ అంటే పది కర్రలు. ఈ కర్టెన్ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వినగానే ఒళ్లు మండేది. ఛీ, నోర్మూసుకో అని తిట్టేవాణ్ణి. తిట్టినకొద్దీ ఆయన మొహం వెలిగేది. ఏం మనిషిరా బాబూ అనుకునేవాణ్ణి.

మంచు తుఫాను ఆగిన ఒక పొద్దున మళ్లీ కర్టెన్ వచ్చింది. ఆ రోజు నేను నవ్వాను. పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. మగ్గు కింద పెట్టి, నన్ను లేపి, మడమకు బొటనవేలు ఆనిస్తూ గీత గీసినట్టు నడవమన్నాడు. రెండో అడుగుకే పక్కకు ఒరిగిపోయాను. సూది, ఆక్సిజన్ మాస్కు. రేడియోలో హెలికాప్టర్ కావాలని అరుపులు. స్ట్రెచర్‌కు కడుతూ నా చెవి దగ్గర వంగాడు.

"తల నొస్తుందా అంటే ఒక్కడన్నా అవునంటడా? పోస్టు ఇడిచిపెట్టి పోనంటరు అందరు. గందుకే గీ జోకుల లొల్లి. నువ్వు ఛీ అన్నన్ని దినాలు నాకు ఫికర్ లేకుండె."

ఆస్పత్రిలో తేరుకుని, మళ్లీ పోస్టుకు పంపమని అడుగుతూనే ఉన్నాను. ఈలోపు సుబేదార్ సాబ్ ఫోన్ చేశాడు. నర్సింగ్ అసిస్టెంట్ పోయాడు. అదే జబ్బు. చివరి రెండు రోజులూ నవ్వుతూనే ఉన్నాడట. తన జోకులకు తను నవ్వడం మామూలే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. మాటలన్నీ తెలుగులోనే ఆడాడట. ఏమంటున్నాడో అర్థమయ్యేవాడు అక్కడ ఒక్కడూ లేడు.

రిటైరై గౌలిపురకు వచ్చేశాను. గల్లీలో అందరూ తుపాకుల కథలే అడుగుతారు. మొన్న సంతోష్‌నగర్‌లో చుట్టాల ఫంక్షన్‌లో ఒకాయన ఫోన్ చూస్తూ ఇంగ్లీషు మాటలకు ఇట్లాంటి అర్థాలే చదివాడు. టేబులంతా పగలబడి నవ్వింది. నాకు అసహ్యమేసింది. బిర్యానీ సగంలో వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాను. ఏమైంది బాపు అని కొడుకు వెనకాలే వచ్చాడు.

"ఏం లేదు బిడ్డా. గీ నవ్వులు నాకు పడయి."

నేను కళ్లతో చూడని దృశ్యమే నన్ను వదలదు. స్టవ్వు పక్కన ఆయన ఒక్కడే కూర్చుని తెలుగులో ఏదో చెప్తూ నవ్వుతుంటాడు. చుట్టూ మావాళ్లంతా టీ తాగుతుంటారు. ఒక్కడూ తలెత్తి ఆయన వైపు చూడడు.