పాఠంలోంచి తీసేసిన రైలు

రాజుల దండయాత్రలకు గ్రంథాలున్నాయి. బతుకుతెరువుకు సముద్రం దాటిన పంతుళ్ల సంగతి మాత్రం నాలాంటి తిరుగుబోతులకు బస్టాండుల్లోనే తెలుస్తుంది. ఆదోనిలో బజ్జీల బండి దగ్గర నాకు కోసిగి హనుమేష్ అలాగే పరిచయమయ్యాడు. మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో ఆరేళ్లు ఇంగ్లీషు చెప్పి వచ్చాడు.

పిల్లలు చూడనివి వాళ్ల నోటికి రావని, పాఠాల్లో ఆపిల్ తీసి కొబ్బరికాయ, రైలు తీసి పడవ పెట్టాడట. పిల్లలు బెదురు పోయి గలగలా మాట్లాడారు. పై అధికారులూ మెచ్చుకున్నారు.

షిఫా అనే జాలరి పిల్ల రాజధానిలో పైచదువుకు పరీక్ష రాసింది. రైలు ప్రయాణం గురించి రాయమన్నారు. ఆ పేజీ ఖాళీగా వదిలేసి, కొద్ది మార్కుల తేడాతో తప్పింది.

"బాగా ఏడ్చిందా?" అన్నాను.

"ఏడ్చింటే బాగుండు గద సామీ. 'సార్, మీరు రైలెక్కినారా?' అని అడిగె. ఏం చెప్పల్ల? కోసిగి నుంచి ఆదోని కాలేజీకి దినామూ రైల్లోనే పోతాంటి. కిటికీ పక్క సీటు కోసం కొట్లాడుకుంటాంటిమి."

"వాళ్ల మంచికే చేసినావు లేప్పా."

"శానా మంచి! వాళ్లది వాళ్లకే చూపిస్తి. నాది ఒగటన్నా చెప్పకపోతి."

ఇక్కడికి వచ్చేశాక, పరీక్ష మళ్లీ రాయమని షిఫాకు ఊరి నుంచి ఫోన్ చేశాడట. అప్పటికే ఆ పిల్లకు పెళ్లి కుదిరింది.

"రైలు గురించి ఇప్పుడన్నా చెప్తా వినమ్మా అంటి," అన్నాడు హనుమేష్. "'ఇప్పుడెందుకు సార్' అనె."