లోపలి వైపు గడియ

2018 సెప్టెంబర్‌లో, అసెంబ్లీ ఎన్నికలు దగ్గర పడుతున్నప్పుడు, రాయ్‌పూర్‌లో నేను పనిచేస్తున్న హిందీ దినపత్రిక నాకు ఒక యాత్ర అప్పగించింది. అప్పటికి నేను బ్యూరో చీఫ్‌ని, అంటే జిల్లాల నుంచి వచ్చే వార్తలకు బాధ్యుణ్ణి. ఒక కారవాన్ అద్దెకు తీసుకుని రాష్ట్రమంతా తిరగాలి. ఆగిన ప్రతి ఊరి నుంచి ఆ ఊరి డేట్‌లైన్‌తో వార్త పంపాలి. డేట్‌లైన్ అంటే వార్త మొదట్లో ఉండే ఊరి పేరు. విలేఖరి ఆ ఊళ్లో కాలు పెట్టనిదే అది వేయకూడదన్నది మా పత్రికలో గట్టి నియమం.

కారవాన్ తెలీబంధాలో ఒక ట్రావెల్స్ యజమానిది. తీర్థయాత్రలకు అద్దెకిచ్చేవాడు. ముందు సీట్లు, వెనక పడకలు, మధ్యలో చిన్న వంటగట్టు, దాని పక్కన బట్టల బీరువా, ఆ తరువాత బాత్రూము. మా చిక్కంతా ఆ బాత్రూము తలుపుతోనే వచ్చింది.

మా పత్రికలో ఆరోగ్య వార్తలు చూసే విలేఖరి మేరీ సుహాసిని. వాళ్ల అమ్మ గుంటూరు వైపు నుంచి రైల్వే ఆసుపత్రికి నర్సుగా వచ్చి డబ్ల్యూఆర్ఎస్ అనే రైల్వే కాలనీలో స్థిరపడింది. యాత్రకు రెండేళ్ల ముందు స్కూటర్ ప్రమాదంలో మేరీ వెన్ను దెబ్బతింది. అప్పటి నుంచి ఆమె చక్రాల కుర్చీలో ఉంది, ఇతరులు రాసినవి దిద్దుతూ డెస్కులో ఉంది. యాత్ర జట్టులో ఆమె పేరు రాసి పంపాను. న్యూస్ ఎడిటర్ తివారీ గారు కాదనలేదు, షరతు పెట్టారు. నడుస్తున్న బండిలో ఆమె ఎవరి సాయమూ లేకుండా బాత్రూముకు వెళ్లి రావాలి. ట్రయల్ రన్‌కు తానే వచ్చి చూస్తానన్నారు. కుదరకపోతే విలేఖరి హోదా తీసేసి సబ్ ఎడిటర్‌గా డెస్కులోనే ఖాయం చేస్తామన్నారు. మేరీకి ఆ మాట నేనే చెప్పాను. ఆమె తలుపు వెడల్పు ఎంత అని మాత్రమే అడిగింది.

బండిలోకి ఎక్కడానికి మడత ర్యాంపు దొరికింది. తలుపు పనికి కాలనీ వెనక రేకుల షెడ్డు నడుపుతున్న అప్పలరాజు దగ్గరికి వెళ్లాం. శ్రీకాకుళం మనిషి. రైల్వే వ్యాగన్ రిపేరు షాపులో సీనియర్ టెక్నీషియన్‌గా రిటైరయ్యాడు. మేరీని చిన్నప్పటి నుంచి ఎరుగును. బండెక్కి చూసి, "ఏటి రిపోర్టర్ బాబూ, ఇది తలుపా, పిల్లి దూరే కంతా?" అన్నాడు.

కింద నుంచి మేరీ, "పిల్లి కూడా పక్కకి తిరగాలి బాబాయ్" అంది.

ఇబ్బంది వెడల్పు ఒక్కటే కాదు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి కుర్చీ లోపల ఉంటే మూసుకోదు. నీళ్లు బయటికి రాకుండా కట్టిన గడప చక్రాలకు అడ్డం. యజమాని బయటి బాడీని, సీట్ల సంఖ్యను ముట్టుకోవద్దన్నాడు. అవి రిజిస్ట్రేషన్‌లో నమోదై ఉంటాయి. లోపల ఏం మార్చుకున్నా, యాత్ర అయ్యాక మళ్లీ పాత తలుపు పెట్టి ఇస్తే చాలన్నాడు.

"ఈ తలుపు పీకీసి స్లైడింగ్ ఎట్టీద్దాం. బిల్‌కుల్ మక్ఖన్ లాగ జారిపోద్ది" అన్నాడు అప్పలరాజు. అన్నట్టే చేశాడు. బీరువా కొంత కోసి ద్వారం వెడల్పు చేశాడు. గడప తీసేసి నేలకు వాలు ఇచ్చి, నీళ్లు పోయే జాలీ పెట్టాడు. అల్యూమినియం రేకు తలుపును పై పట్టాకు రోలర్ల మీద వేలాడదీశాడు. బ్రేకు వేసినప్పుడు అలాంటి తలుపు దానంతట అది జరుగుతుంది. అందుకని బయట ఇనప గడియ ఒకటి బిగించాడు. తలుపు చివరిదాకా వెళ్లగానే అది తనే టక్కున పడుతుంది.

పని పూర్తయిన పూట మేరీకి డాక్ ఎడిషన్ డ్యూటీ. దూర జిల్లాలకు వెళ్లే ఆ ఎడిషన్ అన్నిటికంటే ముందు ముగుస్తుంది, మధ్యలో లేచి రావడం కుదరదు. ఆసుపత్రి నుంచి ఖాళీ కుర్చీ ఒకటి తెచ్చి తోసి చూశాం. ఎక్కడా తగలకుండా లోపలికి పోయింది. తలుపు మూశాం, గడియ పడింది. అప్పలరాజు రెండు చేతులతో లాగి చూపించి, "గూడ్సు గాడీ బోల్తా పడ్డా ఇది తెరుచుకోదు, పక్కా" అన్నాడు.

మర్నాడు సిల్తారా రోడ్డు మీద ట్రయల్. స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల లారీల వల్ల ఆ రోడ్డు మీద బ్రేకు వేయని నిమిషం ఉండదు, అందుకే దాన్ని ఎంచుకున్నాం. తివారీ గారు ముందు సీట్లో, అప్పలరాజు వంటగట్టు దగ్గర, నేను మధ్యలో. మేరీ కుర్చీ తిప్పుకుని లోపలికి వెళ్లింది, తలుపు అంచు పట్టి లాగింది. గడియ టక్కుమంది.

కొంతసేపటికి లోపలి నుంచి గొంతు వినిపించింది. "బాబాయ్, నన్ను ఏ స్టేషనుకి బుక్ చేశావ్?"

అప్పలరాజుకు వెంటనే అర్థం కాలేదు. తలుపు లోపలి నుంచి ఊగుతోంది, జరగడం లేదు. గడియ బయటి వైపు ఉంది. తివారీ గారు వెనక్కి తిరిగి నాతో, "దేఖ్ లియా?" అన్నారు, చూశావుగా అన్నట్టు.

ఆ మాట రేకు తలుపు దాటి వెళ్లింది. మేరీ లోపలి నుంచే హిందీలో జవాబిచ్చింది. "వినపడింది తివారీ జీ. లోపలికి వచ్చింది నేనే, కుర్చీ తిప్పింది నేనే, తలుపు వేసింది నేనే. తప్పింది తలుపు, నేను కాదు. నా గురించి రాసేటప్పుడు రెండూ కలపకండి."

బండి పక్కకు తీయించాం. అప్పలరాజు గడియ ఎత్తి తల దించుకున్నాడు. "సర్వీసంతా వ్యాగన్ తలుపులే కదమ్మా. సిమెంటు బస్తాలు లోపల్నుంచి గెడ తియ్యవు కదేటి."

"నేను బస్తాని కాదు బాబాయ్. దిగాల్సిన స్టేషను నాకు తెలుసు" అంది. తరువాత ఆమె బయటికి వచ్చి పక్క సీటులోకి జరిగి, తన కుర్చీ అతనికి చూపించింది. "కూర్చో. లోపలికి వెళ్లు."

అతను నా వైపు చూశాడు. కుర్చీలో కూర్చుని చక్రాలు తిప్పుకుంటూ, రెండుసార్లు మోచెయ్యి కొట్టుకుని లోపలికి వెళ్లాడు. తలుపు నేను మూశాను. కాసేపు అరచేత్తో రేకు మీద తడుముతున్న చప్పుడు. ఆ తరువాత మాట: "ఇటేపు పట్టుకోడానికైనా ఏటీ నేదమ్మా. పైనున్న పిడికి సెయ్యందదు." ఇంకా ఏమేమి లేవో అన్నీ చెప్పించిన తరువాతే మేరీ తెరవమంది. తివారీ గారు ఆ రోజు ఏ నిర్ణయమూ రాయలేదు. తలుపు బాగయ్యాక ఇంకోసారి చూస్తానన్నారు.

ఈసారి కొలతలన్నీ మేరీ లోపల కూర్చుని ఉండగానే తీశారు. ఆమె చెయ్యి సహజంగా ఎక్కడ ఆనితే అక్కడ అప్పలరాజు సుద్దతో గీత పెట్టాడు. గడియ లోపలికి వచ్చింది, పైనున్న పిడి నిలువుగా కిందికి దిగింది. బయట గడియ ఉన్న చోట స్క్రూ తల లాంటిది మాత్రం మిగిల్చాడు, ప్రమాదమైతే నాణెం పెట్టి తిప్పి తెరవడానికి. రెండో ట్రయల్ అదే రోడ్డు మీద జరిగింది. మేరీ వెళ్లి వచ్చింది. అడగకుండానే తివారీ గారు కూడా ఒకసారి లోపలికి వెళ్లి గడియ వేసి తీసి చూశారు. బయటికి వచ్చి జట్టు జాబితా మీద సంతకం చేశారు.

యాత్రలో మేరీ పంపిన మొదటి వార్త ఒక బడి గురించి. అది పోలింగ్ కేంద్రం కాబోతోంది. ర్యాంపు కట్టారు, వాలు సరిగ్గానే ఉంది. ఆమె ఎక్కి చూస్తే, పైనున్న గేటు ర్యాంపు మీదికే తెరుచుకుంటోంది. కుర్చీ వాలులో వెనక్కి జరిగితే తప్ప గేటు తెరవలేరు. అంతకు ముందు చూసి వెళ్లినవాళ్లంతా నడిచి ఎక్కినవాళ్లే. వార్త ఆమె పేరుతో, ఆ ఊరి డేట్‌లైన్‌తో వచ్చింది. పోలింగ్ నాటికి గేటు ఊడదీశారు.

యాత్ర అయ్యాక పాత తలుపు తిరిగి పెట్టబోతే యజమాని వద్దన్నాడు. తీర్థయాత్రలకు వచ్చే ముసలివాళ్లకు ఇదే బాగుందన్నాడు. మేరీ మళ్లీ డెస్కుకు రాలేదు, విలేఖరిగానే తిరిగింది.

ఈ వ్యవహారం నుంచి నా పనిలోకి ఒక్క నియమం వచ్చింది. రిటైరయ్యే దాకా, ‘సౌకర్యం కల్పించారు’ అన్న వాక్యం ఏ జిల్లా నుంచి వచ్చినా, దాన్ని వాడి చూసిన మనిషి పేరు అందులో లేకపోతే వెనక్కి పంపేవాణ్ణి.